రెండో భాగం మాత్రం వాయించను

"అమ్మాయ్, ఇవి నీవి," అంటూ మామగారు కాగితాల కట్ట తెచ్చి కోడలి కాఫీ కప్పు పక్కన పెట్టారు.

పెట్టడం మెల్లగానే పెట్టారు. విసిరి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి. విసిరితే కోపం అనుకోవచ్చు, కోపమైతే సాయంత్రానికి చల్లారుతుంది. ఇలా అంచులు సరిచేసి, పైన లేని దుమ్ము దులిపి, పొరుగింటివాళ్ళ గొడుగు తిరిగి ఇచ్చినంత మర్యాదగా ఇస్తే ఏమనుకోవాలి?

"ఏమిటండీ అవి?" అంది అత్తగారు, ఏమిటో తెలిసి కూడా.

"రెండో భాగం. మొదటిదీ మూడోదీ నా దగ్గరే ఉంచుకున్నాను. అవి వాయిస్తాను. ఇది మాత్రం వాయించను."

"ఎందుకు వాయించరు?"

"వాయించను కాబట్టి."

కోడలు పుట్టకముందు నుంచే ఆర్కెస్ట్రాలో ఓబో, అంటే సన్నాయిలాంటి పాశ్చాత్య వాద్యం, వాయించే కుర్చీ మామగారిది. కచేరీకి ముందు ఆయన ఒక్క స్వరం పట్టి నిలబెడితే, మిగతా వాద్యాలన్నీ దానికి తమ శ్రుతి సరిచూసుకుంటాయి. ఈ ఏడాదితో ఆయన ఆ కుర్చీ దిగిపోతున్నారు. దిగేముందు ఆయన్ని ముందుకు తెచ్చి నిలబెట్టి, ఆర్కెస్ట్రా అంతా ఆయన వెనక వాయించేలా మూడు భాగాల కన్చెర్టో ఒకటి రాయించాలని ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ గారికి బుద్ధి పుట్టింది. పెద్ద పేరున్న స్వరకర్తలు ఎంతమందో ఉండగా ఆయన నేరుగా ఈ ఇంటికే వచ్చి కోడలినే అడిగారు. "ఆయన ఊపిరి మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుందమ్మా?" అన్నారు. పొగడ్తకి లొంగని మనిషి ఎవరు? కోడలు పొంగిపోయి ఒప్పుకుంది.

నిన్న సాయంత్రం ముందుగదిలో కోడలు పియానో ముందు కూర్చుని, మామగారు పక్కన నిలబడి, కన్చెర్టో మొత్తాన్ని మొదటిసారి వాయించి చూడబోయారు. మొదటి భాగం హాయిగా నడిచింది. రెండో భాగంలో ఒకచోట ఓబో పైకి, ఇంకా పైకి ఎక్కుతూ పోయి, అన్నింటికన్నా పై స్వరం అందబోయే ముందు ఆగిపోవాలి. అక్కడ ఆర్కెస్ట్రా కూడా ఊపిరి బిగబట్టి ఊరుకోవాలి. కోడలు అలాగే రాసింది. మామగారు ఆగమన్న చోట ఆగారు. కానీ మళ్ళీ మొదలుపెట్టలేదు. ఓబో విప్పి, తుడిచి, పెట్టెలో పెట్టి, "తలనొప్పిగా ఉంది," అని వెళ్ళిపోయారు.

నిన్న తలనొప్పి అయింది, ఇవాళ కాగితాలు తిరిగొచ్చాయి.

"బాగాలేదా మామయ్యగారూ?" అంది కోడలు.

"బాగుంది."

"మరి?"

"బాగున్నవన్నీ నేనే వాయించాలని రాసిపెట్టి ఉందా?"

కొడుకు రొట్టె మీద వెన్న రాసుకుంటూ తలెత్తాడు. అతను పళ్ళ డాక్టరు. సెలవు రోజు గనక ఆసుపత్రి లేదు, ఇంట్లో పెద్దరికం చేసే తీరిక ఉంది. "అది కాదు నాన్నా, మధ్యది వదిలేసి అటూ ఇటూ వాయిస్తే ఏం బాగుంటుంది? నోట్లో ముందు పన్ను ఊడిపోయినట్టు..."

"నీ పళ్ళ గోల అన్నం బల్ల దగ్గరికి తేకురా. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆ కసురుకి కొడుకు చేతిలో కత్తి ఆగిపోయింది. మామగారు అరిచే మనిషి కాదు. అరిచాక ఆయనకే ఎబ్బెట్టుగా అనిపించినట్టుంది, గొంతు తగ్గించి, "రెండో ఓబో వాయిస్తుంది కదా నా శిష్యురాలు, ఆ భాగం దానికివ్వండి. లేచి నిలబడి వాయిస్తుంది. చక్కగా వాయిస్తుంది కూడా," అన్నారు.

"బాగుంది సంబడం!" అంది అత్తగారు. "నాటకం మధ్యలో రాజు లేచి, కిరీటం పక్కవాడి నెత్తిన పెట్టి, కాసేపు నువ్వు ఏలుకో అంటాడా? మీకోసం రాసింది పిల్ల. ఏడాదిపాటు తిండీ నిద్రా మానుకుని రాసింది."

"నన్ను అడిగి రాసిందా?"

మామగారు కాఫీ సగంలో వదిలేసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

*

కోడలి తీరు ఒకటుంది. ఏడుపు రావలసిన చోట ఆమెకి ఆరా పుడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆడపడుచు వరసయ్యే ఆవిడెవరో చీర బాగాలేదంటే, "ఎక్కడ బాగాలేదు, రంగా అంచా?" అని వెంటపడి అడిగి, ఆవిడనే ఏడిపించిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

"నాన్న అంతే. రెండు రోజులు వదిలెయ్," అన్నాడు భర్త, వెనక గదిలో ఆమె పక్కన చేరి.

"నాకు కోపం లేదు. ఎందుకు వద్దంటున్నారో తెలియాలి."

"తెలిస్తే ఏం చేస్తావు?"

"ముందు తెలియనీ."

ఈ వెనక గదిలోనే ఆమె రాస్తుంది. గోడకి అవతల మామగారి సాధన గది. గోడ పలచన. ఏడాదిగా పొద్దున్నే ఆ గోడలోంచి ఒక స్వరాల వరస వినిపిస్తూ ఉండేది. ఏ పుస్తకంలోనూ లేని వరస, ఆయన సొంతం. మెల్లగా మొదలై మెట్టు మెట్టు ఎక్కేది. చివరి మెట్టు ముందు ఆగిపోయేది. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. మళ్ళీ కిందనుంచి మొదలు. ఏ రోజూ ఆ చివరి మెట్టు ఎక్కేవారు కాదు. ఎంత సంస్కారం ఈయనది, అనుకునేది కోడలు. ఇంకొకరైతే పైకెక్కి కూర్చుని గావుకేక పెట్టేవారు, ఈయన అందబోయే ముందు వదిలేస్తున్నారు. ఆ వదిలెయ్యడం చుట్టూ ఆమె రెండో భాగం మొత్తం అల్లింది. ఆయనకి చెప్పకుండా దాచిపెట్టింది. మొదటిసారి వాయించేటప్పుడు గుర్తుపట్టి మురిసిపోతారనుకుంది.

"ఆయన వరస ఎత్తుకొచ్చి రాశానని కోపమేమో," అంది.

"అడిగి చూడు."

"అడిగితే చెప్పే మొహమేనా అది?"

వంటింట్లో అత్తగారు గిన్నెల మీద కసి తీర్చుకుంటోంది. కోడలు తువ్వాలు తీసుకుని పక్కన నిలబడింది.

"అత్తయ్యా, మామయ్యగారి వస్తువు ఎవరైనా అడక్కుండా తీసుకుంటే ఏం చేస్తారు?"

"ఏం చేస్తారా? ఒకసారి ఆయన రీడ్లు గీకే కత్తితో నిమ్మకాయ కోశాను. వీధి వీధంతా వినపడేలా అరిచారు. ఆ కత్తి ఇప్పటికీ నా కంట పడనివ్వరు." అత్తగారు గిన్నె బోర్లించి కోడలికేసి తిరిగింది. "ఇది అది కాదమ్మాయ్. వస్తువు పోతే అరుస్తారు. ఇలా కాగితాలు సర్దిపెట్టి ఇవ్వరు. ఇందులో ఏదో ఉంది."

"ఏముంటుంది?"

"నాకు చెప్తారా? ఈమధ్య పొద్దస్తమానం ఆ రీడ్లు గీకుతూనే ఉన్నారు. ఇదివరకు ఒకటి చేస్తే కొన్నాళ్ళు వచ్చేది. ఇప్పుడు గీకడం, ఊదడం, పారెయ్యడం, మళ్ళీ గీకడం. అదేమంటే రెల్లు మంచిది దొరకడం లేదంటారు. ఎప్పుడూ తెచ్చే చోటే తెస్తున్నారుగా!"

ఓబోకి పైన ఒక చిన్న పీక ఉంటుంది. రెండు పలచని రెల్లు పొరల్ని కలిపి దారంతో కట్టి, కత్తితో గీకి చేసుకోవాలి. వాయించేవాళ్ళు దాన్నే రీడ్ అంటారు. ఎవరి రీడ్ వాళ్ళే చేసుకుంటారు. ఎవరి పెదవికి సరిపోయేది వాళ్ళకే తెలుస్తుంది.

కోడలు చేతిలో తువ్వాలు అక్కడే పడేసింది.

*

మామగారు నడకకి వెళ్ళేదాకా కనిపెట్టుకుని ఉండి, పిల్లిలా ఆయన గదిలో దూరింది. నీళ్ళ గిన్నెలో రెల్లు ముక్కలు నానుతున్నాయి. కిటికీ కింద బల్ల నిండా తెల్లని రెల్లు పొడి. రీడ్ల డబ్బా తెరిచి ఉంది. ఈ ఇంట్లో దొంగతనమంటే డబ్బు తియ్యడం కాదు, ఆ డబ్బా ముట్టుకోవడం. కోడలు ఒక రీడ్ తీసి, రుమాల్లో చుట్టి, సంచీలో వేసుకుని వీధిలో పడింది.

రెండో ఓబో వాయించే శిష్యురాలు రెండు వీధుల అవతల, సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీది గదిలో ఉంటుంది. బట్టలు ఆరేసుకుంటున్నదల్లా రుమాలు విప్పగానే కళ్ళు పెద్దవి చేసింది.

"మాస్టారి రీడా! ఆయనకి తెలుసా అక్కా?"

"తెలీదు."

"చంపేస్తారు. నిన్నూ నన్నూ కూడా."

"ఒక్కసారి ఊది చూడు. ఎలా ఉందో చెప్పు."

శిష్యురాలు తడి చేతులు తుడుచుకుని, రీడ్ నోట్లో పెట్టుకుని నానబెట్టింది. తన ఓబోకి తగిలించి ఊదింది. కింది స్వరాలు మెత్తగా, పాలమీగడలా వచ్చాయి. పైకి పోయింది. ఇంకొంచెం పైకి పోయేసరికి గొంతు జారింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ జారింది.

"ఇది మాస్టారిది కాదక్కా."

"ఆయన డబ్బాలోంచి నేనే తీశాను."

"తియ్యలేదన్నానా! మాస్టారి రీడ్ నేను వాయించలేను తెలుసా? చెక్కముక్కలా ఉంటుంది. దాన్ని పెదవితో లొంగదీస్తారాయన. మేమంతా పందెం కట్టుకుని ఊది, చప్పుడే రాక పగలబడి నవ్వుకునేవాళ్ళం. ఇది చూడు, మొదటిరోజు పాఠానికొచ్చిన పిల్లలకి ఇచ్చేది ఇలా ఉంటుంది. పెదవి బిగించక్కర్లేదు, ఊదితే చాలు పలుకుతుంది. కానీ పైకి పోదు. గీకి గీకి ప్రాణం తీసేశారు దీనికి."

"ఎవరైనా ఎందుకలా గీక్కుంటారు?"

"పెదవి బిగించలేకపోతే," అంది శిష్యురాలు. అని ఆగిపోయింది. ఓబో మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. "అక్కా, ఈమధ్య పై స్వరాలొచ్చే చోట్ల మాస్టారు నాకు కనుబొమ్మ ఎగరేస్తున్నారు, నన్ను వాయించమని. నాకు పైకొచ్చే అవకాశం ఇస్తున్నారనుకున్నాను. ఇంటికెళ్ళి అమ్మకి కూడా చెప్పుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కింద కొట్టులో ఎవరో సైకిలు గంట మోగించి చూసుకుంటున్నారు.

తిరిగి వస్తూ కోడలు వీధిలో ఎదురైన వాళ్ళని గుర్తుపట్టలేదు. ఆ వరస చివరి మెట్టు ముందు ఆగింది సంస్కారంతో కాదు. ఆ స్వరం రాక ఆగింది. రోజూ పొద్దున్నే ఆ మనిషి ఎక్కబోయి జారిపోతుంటే, తను గోడ ఇవతల చెవి ఆనించి కూర్చుని, ఆహా అనుకుంటూ రాసిపెట్టింది. రాసి ఊరుకుందా? ఆయన జారిపోయే చోట ఆర్కెస్ట్రా మొత్తాన్ని నోరు మూసుకుని చూడమంది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

అయినా పాడు బుద్ధి ఊరుకోదు కదా. ఇంటి మెట్లెక్కుతూ మళ్ళీ ఆరా మొదలైంది. పెదవి ఎందుకు బిగించలేకపోతున్నారు? ఆయాసమా? ఈ మెట్లు ఆయన తనకన్నా చురుగ్గా ఎక్కుతారు. చేతి వేళ్ళా? కత్తి పట్టుకుంటే వెంట్రుకవాసి తేడా రాదు. మరేమిటి?

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉప్పు కావలసినవాళ్ళు ఎవరినీ అడక్కుండా లేచి తెచ్చుకున్నారు.

చివర్లో మామగారు ఆపిల్ పండు తీసుకున్నారు. చిన్న కత్తితో చెక్కు తీశారు. కాగితమంత పలచగా ముక్కలు కోశారు. ఒక్కో ముక్కా తీసి బుగ్గకి వారగా పెట్టుకుని, పెదాలు మూసి, మెల్లగా నమలడం మొదలుపెట్టారు.

కోడలు ముద్ద మింగడం మరిచిపోయింది. ఈయన ఆపిల్ తినే చప్పుడుకి అత్తగారు విసుక్కోని రోజుండేది కాదు. పండు పండంతా నోటికి ఆనించి కరకర కొరికేవారు. ఆ కరకర ఈ ఇంట్లో ఎప్పుడు ఆగిపోయింది? ఎవరూ గమనించలేదే!

ఎదురుగా భర్త పేపరు చదువుకుంటున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా జనం నోళ్ళలోకి దీపం వేసి తొంగిచూసే మనిషి, బల్లకి అవతల కన్నతండ్రి నోటిని చూడలేదు. చూడనివ్వకుండా ఆయన ఎంత జాగ్రత్తపడుతున్నారో కోడలికి ఇప్పుడు కనిపించింది. నవ్వొస్తే చెయ్యి అడ్డు పెట్టుకుంటున్నారు. కొడుకు తలెత్తితే గ్లాసు ఎత్తుకుంటున్నారు.

భోజనాలయ్యాక ఆమె రెండో భాగం కాగితాలు చంకన పెట్టుకుని ఆయన గది తలుపు తట్టింది. పలకకపోయినా లోపలికి వెళ్ళింది. రుమాలు విప్పి రీడ్ బల్లమీద పెట్టింది.

మామగారు దాన్ని చూశారు. అరుస్తారని కోడలు ఒళ్ళు బిగబట్టుకుంది. అరవలేదు.

"మామయ్యగారూ," అంది, "ఏ పన్ను?"

ఆయన చేతిలో ఉన్న రెల్లు ముక్కని ఇంకో రెండుసార్లు గీకారు. పొడి ఊదేశారు.

"కింద. ముందుది. కదులుతోంది," అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు గోడకి చెవి ఆనించినప్పట్నుంచి అనుకో." కోడలు తెల్లమొహం వేసింది. "నాకు తెలీదనుకున్నావా? నేను ఆగినప్పుడల్లా అవతల నీ పెన్సిల్ గీకుడు వినిపించేది."

"మీ అబ్బాయికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తాడు? పీకేస్తాడు. మంచి పన్ను పెడతాడు కూడా, నాకు తెలుసు, వాడి చెయ్యి మంచిది. కానీ ఇన్నేళ్ళూ నా పెదవి ఆనుకుని పనిచేసింది ఈ పన్ను మీద. ఇది ఎక్కడ ఎంత వంకరో పెదవికి తెలుసు. కొత్తదాని మీద మళ్ళీ ఓనమాల దగ్గర మొదలుపెట్టాలి. కుర్చీ దిగిపోయే వయసులో ఓనమాలా? ఈ ఒక్క కచేరీ అయిపోతే వాడిష్టం, అన్నీ పీక్కోమంటాను."

"అయితే ఆ చోటు తీసేస్తాను. ఇంకోలా రాస్తాను. వరస మొత్తం కిందికి దించేస్తాను."

"తియ్యకు."

ఆయన మొదటిసారి సూటిగా ఆమెకేసి చూశారు.

"నువ్వు రాసినదాని మొత్తంలో గొప్ప చోటు అదే. నిన్న నాకే ఒళ్ళు జలదరించింది. అదే కదా నా బాధ! బాగా లేకపోతే తీసెయ్యమని పోట్లాడేవాణ్ణి. బాగుంది. నేను చేతకాక ఆగిపోయే చోట జనం ఊపిరి బిగబట్టి, ఆహా, ఏం ఆపాడురా అంటారు. వాళ్ళ చప్పట్లు తీసుకుని నేను ఇంటికెలా రాను? రాత్రి అద్దంలో మొహం ఎలా చూసుకోను? నీకు తెలీదు, వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు కదమ్మా."

కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ తియ్యకు అని ఆయన అనగానే లోపల హమ్మయ్య అనుకున్న మాట కూడా నిజం. ఆ హమ్మయ్యని ఆమె తనలో తానే అసహ్యించుకుంది. అది తను ఇంతవరకు రాసినవాటిలో అన్నింటికన్నా మంచి పుట. ఎవరి కష్టం నుంచి వచ్చిందో తెలిశాక కూడా మంచిగానే ఉంది.

ఆమె కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అయితే మామయ్యగారూ, అది అక్కడ ఆగదన్నమాట," అంది ఉన్నట్టుండి.

"ఏది?"

"మీ వరస. అక్కడ ఆగాలని మీరు అనుకోలేదుగా. మరి ఎక్కడికి పోతుంది?"

మామగారు కత్తి కింద పెట్టేశారు.

"పైకి పోతుంది," అన్నారు. "పోయి అక్కడ ఉండదు. అదే దాని చమత్కారం. అక్కడ ఉంటుందని అందరూ అనుకుంటారు."

"ఉండకుండా?"

"చెప్తే తెలిసేది కాదు."

"వాయించలేరు కదా. పాడండి."

"నేనా? నా గొంతు ఎప్పుడైనా విన్నావా?"

"వినలేదు. అందుకే పాడమంటున్నాను."

మామగారు నవ్వబోయి అలవాటుగా చెయ్యి అడ్డు పెట్టుకున్నారు. తర్వాత ఇద్దరే ఉన్నారు కదా అనిపించిందేమో, చెయ్యి తీసేశారు. కిటికీకేసి తిరిగి పాడటం మొదలుపెట్టారు.

గొంతు బొంగురు. శ్రుతి మాత్రం తిరుగులేనిది, లోకానికి శ్రుతి ఇచ్చిన మనిషి కదా. వరస మెట్టు మెట్టు ఎక్కింది. ఏడాదిగా కోడలికి కంఠతా వచ్చిన మెట్లే. చివరి మెట్టు దగ్గరికొచ్చింది. ఆమెకి తెలియకుండానే ఊపిరి ఆగింది. ఆయన తల వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిచి ఆ స్వరాన్ని అందుకున్నారు. అందుకుని, దాని మీద నిలవకుండా, పక్కకి జారారు. కోడలు ఎన్నడూ ఊహించని పక్కకి. దిగడం కాదది, అటువైపు ఇంకో లోయ ఉందని చూపించడం. ఆమె కాగితం తిరగేసి పెన్సిల్ పరిగెత్తించింది. ఇలాంటిది గోడకి అవతల పెట్టుకుని తను సగం విని సంబరపడిందా!

"నాన్నా."

పాట తెగిపోయింది. తలుపు దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. తండ్రి పాడగా విననివాడు, ఎవరా అని చూడ్డానికి వచ్చినట్టుంది. వెనక అత్తగారు.

మామగారు చప్పున పెదాలు మూసుకున్నారు. కానీ మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి సూటిగా ఆయన నోట్లోనే పడింది ఇంతసేపూ.

"మళ్ళీ తెరవండి," అన్నాడు కొడుకు.

"పాడమంటావా?"

"నోరు తెరవండి నాన్నా."

"ఏమిట్రా? ఏమైంది?" అంది అత్తగారు.

మామగారు కొడుకుని చూశారు. కోడలిని చూశారు. "అమ్మాయ్, చివరిదాకా రాశావా?"

"చివర కొంచెం మిగిలింది మామయ్యగారూ."

"ఉండరా. ముందు ఇది కానీ," అని, కొడుకు అలా నిలబడి ఉండగానే, మిగిలిన ముక్క చిన్న గొంతుతో పాడి వినిపించారు. కోడలు రాసుకుంది. ఆమె తలెత్తాక ఆయన కుర్చీ వెలుతురుకి లాక్కుని కూర్చుని నోరు తెరిచారు.

కొడుకు చేతులు కడుక్కుని వచ్చాడు. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి ఆ పన్నుని కదిపి చూశాడు. ఎంతసేపో చూడలేదు దాన్ని. దాని పక్కదాన్ని పట్టుకున్నాడు. దాని పక్కదాన్ని పట్టుకున్నాడు. మామూలుగా ఎవరి నోట్లో వేలు పెట్టినా ఏదో ఒక కబురు చెప్పి నవ్విస్తాడు. ఇప్పుడు మాట్లాడలేదు.

"చెప్పరా," అన్నారు మామగారు, నోరు విడిపించుకుని.

"ఒక్కటే కాదు నాన్నా. ముందువన్నీ కదులుతున్నాయి. చిగుళ్ళ కింద ఎముకే కరిగిపోతోంది." అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. "కచేరీ ఎప్పుడు?"

తండ్రి ఎన్నో కచేరీలు చేశారు. అతను ఎప్పుడని అడగడం ఇదే మొదలు.

"వచ్చే నెల," అంది కోడలు.

"ఇవాళ్టి నుంచి ఓబో ముట్టుకోకపోతే వీటిని నిలబెట్టగలను. అన్నీ కాకపోయినా చాలావరకు. ముట్టుకుంటే నా వల్ల కాదు."

అత్తగారు గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మామగారు పెదవి మీద వేలు పెట్టి, కింది పన్నుని మెల్లగా నొక్కి చూసుకున్నారు, కొత్తగా చూసుకుంటున్నట్టు.

"నన్నడక్కురా," అన్నారు కాసేపటికి. "నేనేమంటానో నీకు తెలుసు. ఇది రాసింది అమ్మాయి. దాన్నడుగు."

కొడుకు భార్యకేసి తిరిగాడు. "చెప్పు. నాన్న వాయించాలా?"

ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. వద్దు అనాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది? వద్దు అనే చిన్న మాట అనడానికి కోడలు నోరు తెరిచింది. ఒళ్ళో కాగితం మీద పెన్సిల్ పొడి ఇంకా రాలలేదన్నంత కొత్తగా ఆ పై స్వరం, దాని పక్కన ఆ లోయ. పళ్ళు పోతే పోనీ అని ఆయన పెదవి బిగించి ఊదితే అది ఓబో మీద ఎలా మోగుతుందో ఒక్కసారి వినాలని ఉంది ఆమెకి. ఎంతగా ఉందంటే, ఆ చిన్న మాట ఆమె నోటికి రాలేదు.